పులుపు పడని రాయి

యలహంక దాటినాక, కొత్త అపార్ట్‌మెంట్ల ముంగిలి.
ముప్పై నాలుగు వరసల నాపరాళ్లు.
సందుల్లో మొలిచినవి పీకడం నా పని.
దినానికి నాలుగు వందల యాభై,
మధ్యాన్నం టీ, ఒక రస్కు.

ఇక్కడోళ్లు దీన్ని కడప కల్లు అంటారు.
మొదటి రోజు సూపర్‌వైజర్ చెలువరాజు
"కల్లు మీద నీళ్లు పొయ్యమ్మా" అంటే
ఈతచెట్టు గుర్తొచ్చి నవ్వితి.
అమ్మేటోళ్లు చేసేది అదే గదా.
వాళ్ల భాషలో కల్లంటే రాయంట.

కూర్చుని చూస్తే తెలిసె,
ఇది కడపది కాదు, మా కొలిమిగుండ్ల పక్కది.
బూడిద నీలం, అంచున సన్నటి ఎర్ర చార,
తడిపితే పావురం మెడ.
నా మొగుడు మద్దిలేటి పదారేండ్లు
ఈ రాతినే పొరలు పొరలుగా లేపినాడు.
పదమూడో వరసలో ఒక బండ మీద అలలుండాయి.
నీళ్లు లేని మా సీమలో
రాతికి అలలెట్లొచ్చెనని అడిగితే అనేవాడు:
"నీళ్లు పొయ్యేటప్పుడు ఏలిముద్రేసి పాయ."

మా ఊర్లో ఎవరూ పరచకుండానే నేల బండ.
దాన్నిండా వాన కోసిన నెర్రెలు,
చెయ్యి పట్టేంత ఒకటి, మేకపిల్ల పడేంత ఒకటి.
నిలబడి చూస్తే ఏమీ ల్యా.
వంగి చూస్తే లోపల చల్లగా ఒక వీధి.
ఎండ మొహం చూడని ఆకులు, పేరు తెలీని నాచు,
తుమ్మిపూలు,
ఎవరో ఉమ్మిన గింజకు లేచిన సీతాఫలం మొక్క.
ఆ నెర్రెల్లో చెయ్యి పెట్టడమే చిన్నప్పుడు మాకు ఆట.
తేలు కుడితే ఓడినట్టు.

ఇక్కడ సందు అరంగుళం.
ఆ అరంగుళంలోకే అందరూ వచ్చినారు.
గరిక, అది రాకపోతే గదా ఆశ్చర్యం.
రెడ్డివారి నానుబాలు, తుంచితే పాలు కారుస్తా.
నేల ఉసిరి,
బియ్యం డబ్బా అడుగున చిల్లర దాచుకునే ఇల్లాల్లాగ
ఆకు కింద గింజలు దాచుకుని.
గంగపాయలాకును పీకను, కోస్తా.
కొంగులో మూట గడితే రాత్రికి పప్పులోకి.
ఇంక పులిచింతాకు, ఈ ఊరి చలికి బాగా బలిసింది.
నమిలితే ఒక కన్ను దానంతటదే మూసుకుంటది.

జూన్‌లో రెండు వానలు పడె.
ఒక కొస పీకి ఇంకో కొసకు పొయ్యేలోపల
మొదటి కొస నన్ను చూసి నవ్వబట్టె.
కమిటీ ఆయన మీటింగు పెట్టె.
చెలువరాజు నీలం క్యానులో యాసిడ్ తెచ్చె.

"అన్నా, ఈ రాతికి పులుపు పడదు" అని చెప్తి.
నమ్మలే.
సెక్యూరిటీ పిల్లోని దగ్గర నిమ్మచెక్క అడిగి పిండితి.
రాయి చుస్సుమనె.
పసిబిడ్డ పెదిమ మీద పాలనురగలాగ బుడగలు.
చెలువరాజు చూసినాడు. చానాసేపు చూసినాడు.
"కమిటీ చెప్పిందమ్మా" అనె.

పోసిరి.
ముంగిలంతా పొంగె, ఒకటే ఘాటు, దగ్గు.
పావురం మెడ పాయ,
సున్నం కొట్టిన గోడ పండుకున్నట్టయ్యె.
పదమూడో వరసలో అలలు చెరిగె.
ఎన్నేండ్లుగా నిలిచిన ఏలిముద్రో, అరగంటలో.
ఎవరి అప్పు తీరినట్టో తెలీలే.

నలభై దినాలు పని లేదు.
తర్వాత ఫోను: "రా సుంకులమ్మా, మళ్లీ."

పోయి చూస్తి గదా,
సందు ఇప్పుడు ముప్పావంగుళం.
అంచులు కరిగి, గుండ్రంగా.
వాన ఎన్ని తరాలో కూర్చుని చేసే పని
ఒక్క క్యాను చేసిపెట్టె.
అందులో అందరికన్నా ముందొచ్చింది పులిచింతాకే.

గొంతుక్కూర్చుంటి. కొడవలి పక్కన పెడ్తి.
తేలుందేమోనని చెయ్యి పెట్టి చూస్తి.
చిటికెన వేలే పట్టె.
లోపల చల్లగా ఉండాది.

"ఏం చూస్తుండావమ్మా?" అనె చెలువరాజు.
"పని ఎంతుందో" అంటి.